ఒక్క విద్యార్థి ప్రోగ్రాంతో ల్యాబ్ సర్వర్ మొత్తం నిలిచిపోకుండా ఎలా కాపాడుకోవాలి?

పెన్నా ఒడ్డు (నెల్లూరు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నెల్లూరుకు దగ్గరలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో నేను కంప్యూటర్ ల్యాబ్ బాధ్యతలు చూస్తున్నాను. మా వద్ద 16 కోర్లు, 64 జీబీ మెమరీ గల సర్వర్ ఒక్కటే ఉంది. దాని మీద ఉబుంటు 22.04 నడుస్తోంది. సుమారు 180 మంది విద్యార్థులకు అందులో ఖాతాలు ఉన్నాయి. బ్యాచ్‌కు 60 మంది చొప్పున ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఒకేసారి లాగిన్ అయి పని చేసుకుంటారు.

మొన్న ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ పరీక్షలో ఇచ్చిన ప్రశ్న ఈ సబ్జెక్టు చదివిన వారందరికీ తెలిసినదే: ఫర్ లూప్‌లో మూడుసార్లు ఫోర్క్ (నడుస్తున్న ప్రోగ్రాం, అంటే ప్రాసెస్, తన నకలును పుట్టించే పిలుపు) పిలిస్తే మొత్తం ఎన్ని ప్రాసెస్‌లు తయారవుతాయో ప్రోగ్రాం రాసి చూపించాలి. జవాబు ఎనిమిది. ఒక విద్యార్థి ప్రోగ్రాంలో 3 బదులు 30 పడింది. రెండును ముప్పైసార్లు హెచ్చవేస్తే 107 కోట్లు దాటుతుందని ఆ క్షణంలో అతనికి తట్టలేదో, తట్టే చేశాడో నాకు తెలియదు. పది పన్నెండు సెకన్లలో హాలులోని తెరలన్నీ కదలకుండా నిలిచిపోయాయి. ఆ విద్యార్థి టెర్మినల్‌లో మాత్రం ‘రిసోర్స్ టెంపరరిలీ అన్‌అవైలబుల్’ అన్న వరుస ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉంది. నా లాగిన్ తెరిచే ఉన్నా, ప్రాసెస్‌ల జాబితా కోసం ‘పీఎస్’ అని కొట్టిన రెండు అక్షరాలు తెర మీద కనబడడానికే నిమిషం పైగా పట్టింది. సుడో (నిర్వాహకుడి అధికారంతో కమాండ్ నడిపేది) అయితే పాస్‌వర్డ్ కూడా అడగలేదు. చివరకు సర్వర్ గదికి వెళ్లి పవర్ బటన్ నొక్కి పట్టుకోవలసి వచ్చింది. డిస్కు తనిఖీ పూర్తి చేసుకుని సర్వర్ లేచేసరికి ఇరవై నిమిషాలయింది. గంట నుంచి రాస్తున్న పిల్లల ఫైళ్లలో సేవ్ కానివన్నీ పోయాయి. ఉదయగిరి వైపు వెళ్లేవారు బస్సు తప్పిపోతుందని ఆందోళన పడుతుంటే పరీక్షను వాయిదా వేశాము.

ఇది సర్వర్ మీద జరిగిన దాడి అని మా పైవారి అభిప్రాయం. చేయి జారింది సార్ అని ఆ అబ్బాయి మాట. ఆ పంచాయితీ అలా ఉంచి, మళ్లీ జరగకుండా లిమిట్స్ కాన్ఫిగరేషన్ ఫైలులో విద్యార్థుల గ్రూపుకు ఎన్‌ప్రాక్ (ఒక్కో యూజర్ ప్రాసెస్‌ల సంఖ్యకు హద్దు) విలువ 100 పెట్టాను. మరునాడే జావా ల్యాబ్‌లో సగం మందికి ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని వచ్చింది, మెమరీ చూస్తే యాభై జీబీ ఖాళీగానే ఉంది. దానితో 1000కి పెంచాను. ఇప్పుడు జావా నడుస్తోంది, కానీ నాకు నమ్మకం కుదరడం లేదు. ఈ ఒక్క హద్దు సరిపోతుందా? నిజంగా కావాలనే చేసేవాడు ఇంకే దారిలో రాగలడు?

చివరి ఆయకట్టు (ఒంగోలు) ఇచ్చిన జవాబు

మాస్టారూ, ముందుగా మీ సర్వర్‌కు ఏం జరిగిందో చూద్దాము, ఎందుకంటే మందు అందులోనే ఉంది. ఉబుంటులో ప్రాసెస్‌ల సంఖ్యకు హద్దు మొదటి నుంచీ ఉంది, కాకపోతే అది మీ మెమరీని బట్టి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటి భాగం) స్వయంగా లెక్క కట్టుకున్నది. 64 జీబీ మెషీన్‌లో మొత్తం థ్రెడ్ల (ప్రాసెస్ లోపల విడిగా నడిచే పనుల) గరిష్ఠ సంఖ్య ఐదు లక్షల దరిదాపుల్లో ఉంటుంది. ఎన్‌ప్రాక్ డీఫాల్ట్ విలువ అందులో సగం. సర్వీసులను, లాగిన్లను నిర్వహించే సిస్టమ్‌డీ ఒక్కో యూజర్‌కు ఇచ్చే టాస్కుల (ప్రాసెస్‌లు, థ్రెడ్ల) వాటా 33 శాతం, అంటే లక్షా డెబ్బై వేల చిల్లర. ఆ అబ్బాయి ప్రోగ్రాం ఈ హద్దుకు కొట్టుకున్నందుకే అతని తెర మీద ఆ సందేశం వచ్చింది. అతను ఆగవలసిన చోటే ఆగాడు. ఆ చోటు లక్షన్నర దాటాక ఉండడమే చిక్కు. సీపీయూ కోసం వరుసలో లక్షకు పైగా ప్రాసెస్‌లు నిలబడితే వాటి వెనుక మీ పీఎస్ వంతు ఎప్పటికి రావాలి?

మాది సాగర్ కుడి కాలువలో ఒంగోలు బ్రాంచికి చివరనున్న ఊరు. పైనున్నవారు తూములు ఎత్తుకుంటే చివరి మడికి చుక్క చేరదని మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అక్కడ చేసే కట్టుబాటే ఇక్కడా చేయాలి. తూముకు హద్దు, మేజరుకు (తూములకు నీరిచ్చే పెద్ద పంట కాలువకు) హద్దు రెండూ ఉండాలి, లస్కరు (కాలువ కాపలాదారు) నడిచే గట్టును మాత్రం ఎవరూ ఆక్రమించకూడదు.

లిమిట్స్ ఫైలులోని హద్దుల్లో ఎన్‌ప్రాక్ యూజర్ మొత్తానికి లెక్క కడుతుంది. మెమరీకి అందులో పెట్టే హద్దు ఒక్కో ప్రాసెస్‌కు విడివిడిగా వర్తిస్తుంది కనుక, ప్రాసెస్‌కు 1 జీబీ అని మీరు రాసి, వెయ్యి ప్రాసెస్‌లకు అనుమతి ఇస్తే, కాగితం మీద ఒక విద్యార్థికి వెయ్యి జీబీ మంజూరు చేసినట్టే. అందుకని హద్దులు పెట్టవలసిన అసలు చోటు సీగ్రూప్, అంటే ప్రాసెస్‌లను గుంపుగా కట్టి ఆ గుంపు మొత్తానికి హద్దు పెట్టే కెర్నల్ సదుపాయం. గూగుల్ ఇంజనీర్లు 2006లో మొదలుపెట్టిన ఈ పని 2008లో 2.6.24 కెర్నల్‌తో బయటికి వచ్చింది. ప్రాసెస్‌ల సంఖ్యను లెక్కించే పిడ్స్ కంట్రోలర్ 2015లో 4.3 కెర్నల్‌లో చేరింది. మీ ఉబుంటులో రెండో తరం సీగ్రూప్ సిద్ధంగానే ఉంది, కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. ప్రతి యూజర్ లాగిన్ అవగానే సిస్టమ్‌డీ అతని యూఐడీ (యూజర్ సంఖ్య) పేరిట స్లైస్ అనే సీగ్రూప్ ఒకటి తయారుచేసి, అతని సెషన్లన్నిటినీ అందులోనే ఉంచుతుంది. పది టెర్మినల్స్ తెరిచినా స్లైస్ ఒక్కటే.

చేయవలసింది వడ్లగింజలో బియ్యపుగింజ. సిస్టమ్‌డీ సెట్టింగుల డైరెక్టరీలో ‘యూజర్’ అన్న మాట, వెంటనే ఒక హైఫన్, ఆపై డాట్ స్లైస్ డాట్ డీ అన్న పేరుతో ఫోల్డర్ పెట్టి, అందులో ఉంచిన చిన్న ఫైలు అన్ని యూజర్ స్లైస్‌లకూ వర్తిస్తుంది. అందులో టాస్క్స్‌మ్యాక్స్ 400, మెమరీహై 2.5 జీబీ, మెమరీమ్యాక్స్ 3 జీబీ, మెమరీస్వాప్‌మ్యాక్స్ 0, సీపీయూవెయిట్ 100 అని రాయండి. మెమరీహై దాటితే ప్రాసెస్ నెమ్మదిస్తుంది, మెమరీమ్యాక్స్ దాటితే ఆ స్లైస్‌లోని ప్రాసెస్‌నే కెర్నల్ చంపుతుంది, పక్కవాడి జోలికి పోదు. స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు భాగం) హద్దు చాలామంది మరచిపోతారు. అది లేకపోతే మెమరీ హద్దు తగిలినవాడు స్వాప్‌లోకి జారుకుని, డిస్కును నమిలి అందరినీ నెమ్మదింపజేస్తాడు. సీపీయూవెయిట్ రాసిన తరువాత పంపకం ప్రాసెస్‌ల మధ్య కాకుండా యూజర్ల మధ్య జరుగుతుంది. ఒకడు నాలుగు వందల ప్రాసెస్‌లు నడిపినా, ఇంకొకడు ఒకటే నడిపినా, రద్దీ వేళ ఇద్దరికీ సమానమే. సీపీయూకోటా జోలికి మాత్రం ల్యాబ్‌లో వెళ్లకండి. అది సర్వర్ ఖాళీగా ఉన్నా పిల్లవాణ్ణి కట్టిపడేస్తుంది.

ఇప్పుడు మేజరు సంగతి. అరవై మంది మూడేసి జీబీ వాడితే 180 జీబీ, మీకున్నది 64. అందుచేత అందరు యూజర్లకూ తల్లి అయిన యూజర్ డాట్ స్లైస్‌కు మెమరీమ్యాక్స్ 54 జీబీ అని విడిగా పెట్టండి. మిగిలిన పది జీబీ ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసుకు, లాగ్‌లకు, కెర్నల్‌కు. అరవై మంది కూడబలుక్కుని వచ్చినా ఆ పదిని ముట్టుకోలేరు. ఇందులో ఒక లోటు ఉంది, దాచను: పై హద్దు నిండినప్పుడు యూజర్లలో ఎవరి ప్రాసెస్ పోతుందో ముందుగా చెప్పలేము. ఎక్కువ మెమరీ తింటున్నదానినే కెర్నల్ ఎంచుకుంటుంది కనుక సాధారణంగా దోషికే పడుతుంది.

ఒక మెలిక మరచిపోవద్దు. ఈ ఫోల్డర్ రూట్‌గా (సర్వాధికారాలు గల ఖాతాతో) లాగిన్ అయినవారి స్లైస్‌కు కూడా వర్తిస్తుంది. మీరు మీ సొంత ఖాతాలోంచి సుడో వాడితే అప్పుడూ మీ స్లైస్ హద్దులోనే ఉంటారు. రూట్ స్లైస్‌కు, మీ స్లైస్‌కు విడిగా ఫోల్డర్లు పెట్టి, అక్కడ హద్దులు సడలించి, సీపీయూవెయిట్ 1000 ఇచ్చుకోండి.

మీ జావా ఇబ్బందికి కారణం థ్రెడ్లు. ఎన్‌ప్రాక్ గానీ, టాస్క్స్‌మ్యాక్స్ గానీ థ్రెడ్లను కూడా లెక్కిస్తాయి. 16 కోర్ల మెషీన్‌లో ఏ పనీ చేయని జావా ప్రోగ్రాం కూడా ముప్పై దాకా థ్రెడ్లు పుట్టిస్తుంది, దానికి ఎడిటర్, బిల్డ్ టూల్ తోడైతే 100 ఎక్కడ సరిపోతుంది? మీ పిల్లల తెర మీది సందేశం చివరి దాకా చదివి ఉంటే ‘అనేబుల్ టు క్రియేట్ నేటివ్ థ్రెడ్’ అని ఉండి ఉంటుంది. అది పేరుకే మెమరీ ఎర్రర్.

దాడా, పొరపాటా అన్న విచారణలో హద్దుకు పని లేదు. రెండింటినీ ఒకే చోట ఆపుతుంది. నా అనుభవంలో ల్యాబ్ సర్వర్లను పడగొట్టినవాటిలో నూటికి తొంభై పొరపాట్లే. ఆ అబ్బాయిని వదిలేయండి.

కావలి కుర్రాడు ఇచ్చిన జవాబు

మా ఊరి పేరే కావలి కనుక కాపలా విషయంలో ఒక మాట చెప్పే హక్కు ఉందనుకుంటాను. పై జవాబు ప్రాసెస్‌లకు, మెమరీకి సరిపోయింది, డిస్కు మాత్రం తెరిచిన తలుపులాగే ఉంది. కావాలని చేసేవాడికి ఫోర్క్ కన్నా సులువైన దారి అదే, ఎందుకంటే ఒక్క ప్రాసెస్ చాలు, ఏ హద్దూ తగలదు.

పెన్నా ఒడ్డు గారూ, మీ విద్యార్థుల హోం డైరెక్టరీలు ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పార్టిషన్‌లోనే ఉన్నాయా? ఉంటే వాటిని ముందు విడదీయండి. ఆ తరువాత యూజర్ కోటా పెట్టండి. కోటాలో రెండు లెక్కలు ఉంటాయి: ఎంత స్థలం, ఎన్ని ఫైళ్లు. అందరూ మొదటిదే నింపి రెండోదాన్ని సున్నాగా వదిలేస్తారు, సున్నా అంటే హద్దు లేదని అర్థం. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఫార్మాట్ చేసేటప్పుడు మామూలుగా 16 కేబీకి ఒక ఐనోడ్ (ఫైలుకు ఒకటి చొప్పున కావలసిన నమోదు) చొప్పున కేటాయిస్తుంది. 50 జీబీ పార్టిషన్‌లో అవి సుమారు 32 లక్షల 76 వేలు. ఖాళీ ఫైళ్లు సృష్టించే లూప్ ఒకటి వదిలితే బైటు కూడా రాయకుండా వాటన్నిటినీ తినేయవచ్చు. రూట్ కోసం ఈఎక్స్‌టీ4 పక్కన పెట్టే 5 శాతం స్థలంలోనే, ఐనోడ్లలో అలాంటి రిజర్వేషన్ లేదు.

నేను చదువుకునే రోజుల్లో మా హాస్టల్ సర్వర్‌లో ఇదే జరిగింది. ‘నో స్పేస్ లెఫ్ట్’ అని వస్తుంటే డిస్కు ఖాళీ చూపే డీఎఫ్ కమాండ్ కొట్టి చూసి, నలభై శాతం ఖాళీగా ఉంది కదా అని పూటంతా తల పట్టుకున్నాము. డీఎఫ్‌కు ఐ ఆప్షన్ తగిలించిన తరువాత గానీ వంద శాతం నిండిన ఆ గడి కంటపడలేదు. ఎవరో వెబ్ ప్రాజెక్టుకు సెషన్ ఫైళ్లు తుడవడం మరచిపోయారు, అంతే.

హోం డైరెక్టరీతో పని అయిపోదు. అందరూ రాయగల చోట్లు ఇంకా ఉన్నాయి. టీఎంపీ డైరెక్టరీ రూట్ పార్టిషన్‌లో ఉంటే దాన్ని విడిగా మౌంట్ చేయండి, అక్కడ కూడా కోటా ఉండాలి. డెవ్ కింద ఉండే ఎస్‌హెచ్‌ఎం అన్నది మెమరీలో నడిచే డిస్కు, దాని డీఫాల్ట్ పరిమాణం మొత్తం మెమరీలో సగం, మీ దగ్గర 32 జీబీ. అందులో రాసినది రాసినవారి మెమరీ హద్దులోకే లెక్కకు వస్తుంది కానీ, ప్రోగ్రాం ముగిసినా ఆ ఫైలు అక్కడే కూర్చుంటుంది. దాని పరిమాణం 4 జీబీకి కుదించండి. లాగ్‌ల సంగతి కూడా చూడండి: లాగర్ కమాండ్ ఎవరైనా నడపవచ్చు, దాన్ని లూప్‌లో పెడితే సిస్లాగ్ ఫైలు ఉబ్బిపోతుంది. వార్ డైరెక్టరీ వేరే పార్టిషన్‌లో ఉంటే నష్టం అక్కడితో ఆగుతుంది.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆదివారం ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు చివరి ఆయకట్టు గారు చెప్పిన సెట్టింగులన్నీ పెట్టి, పరీక్ష కోసం తెరిచిన ఒక ఖాతాలో అదే ముప్పై లూపుల ప్రోగ్రాం నడిపాను. చేయి వణికిందని ఒప్పుకోవాలి. పక్క టెర్మినల్‌లో విమ్ ఎడిటర్ తెరిచి టైప్ చేస్తూనే ఉన్నాను, ఒక్క అక్షరం కూడా ఆలస్యం కాలేదు. ఆ స్లైస్‌లో పిడ్స్ కరెంట్ ఫైలు చూస్తే సరిగ్గా 400 దగ్గర నిలబడి ఉంది, కెర్నల్ లాగ్‌లో ‘ఫోర్క్ రిజెక్టెడ్ బై పిడ్స్ కంట్రోలర్’ అని స్లైస్ పేరుతో సహా ఒక వరుస పడింది. యూజర్ ఎవరో వెతుక్కోవలసిన పని కూడా లేదు.

ఇంకో తమాషా కూడా జరిగింది. వేరే విద్యార్థి పాత ప్రోగ్రాం ఒకటి నడిపి చూద్దామని తీశాను. అందులో ఫోర్క్ ఇచ్చిన విలువను సరిచూడకుండా, చివరలో ఆ పిడ్‌కు (ప్రాసెస్ సంఖ్యకు) కిల్ పంపుతున్నాడు. హద్దు తగిలి ఫోర్క్ విఫలమైతే వచ్చేది మైనస్ ఒకటి. మైనస్ ఒకటికి కిల్ పంపితే తన ఖాతాలోని ప్రాసెస్‌లన్నిటికీ పంపినట్టే. పరీక్ష ఖాతాలో తెరిచిన టెర్మినల్స్ అన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఫోర్క్ ఫలితాన్ని సరిచూడమని ఎన్నేళ్లుగా చెబుతున్నానో, వచ్చే వారం దీన్నే బోర్డు మీద చూపిస్తాను.

రెండు ప్రశ్నలు మిగిలాయి. ఇప్పుడు లిమిట్స్ ఫైలులోని ఎన్‌ప్రాక్ వరుస తీసేయవచ్చా? ఇన్ని చేసినా ఎప్పుడైనా సర్వర్ బిగుసుకుపోతే, పవర్ బటన్ కాకుండా వేరే మార్గం ఏదైనా ఉందా?

సింగరాయకొండ స్టేషన్ ఇచ్చిన జవాబు

ఎన్‌ప్రాక్ తీయవద్దండీ. స్లైస్‌కు ఉబుంటులో ఒక దొడ్డిదారి ఉంది. విద్యార్థి క్రాన్‌టాబ్‌లో (నిర్ణీత వేళకు వాటంతట అవే నడిచే పనుల జాబితాలో) పెట్టుకున్న పని అతని యూజర్ స్లైస్‌లో నడవదు. క్రాన్ సర్వీసు స్లైస్‌లో, అంటే సిస్టమ్ వైపు నడుస్తుంది. మీ 400, మీ 3 జీబీ అక్కడ చెల్లవు, పైగా మీరు సిస్టమ్‌కని దాచిన పది జీబీలోంచే అది తింటుంది. క్రాన్ కూడా లిమిట్స్ ఫైలును పాటిస్తుంది కనుక ఎన్‌ప్రాక్ ఉంటే కనీసం సంఖ్య దగ్గర ఆగుతుంది. దాన్ని 500 చేయండి. విద్యార్థులకు క్రాన్ అవసరం లేకపోతే ఈటీసీ కింద క్రాన్ డాట్ అలవ్ అన్న ఫైలు సృష్టించి అందులో మీ పేరు ఒక్కటే రాయండి. ఆ ఫైలు ఉంటే అందులో లేనివారికి క్రాన్‌టాబ్ తెరుచుకోదు. క్రాన్ సర్వీసుకే మెమరీమ్యాక్స్ పెట్టడం దాని మీద ఇంకో గొళ్లెం. చెప్పిన వేళకు ఒకసారి పని నడిపే ఎట్ కమాండ్ ఉంటే దానిదీ ఇదే కథ.

ప్రోగ్రాంలను కంటెయినర్లు అనే విడి గదుల్లో నడిపే డాకర్ గ్రూపులో విద్యార్థి ఒక్కడున్నా ఇక్కడ చెప్పుకున్నదంతా వృథా. ఆ గ్రూపులో ఉండడం రూట్‌తో సమానం, కంటెయినర్లు కూడా అతని స్లైస్‌లో పుట్టవు. కంటెయినర్ల పాఠం తప్పనిసరి అయితే రూట్ అక్కరలేని పాడ్‌మ్యాన్ ఇవ్వండి, అది స్లైస్ లోపలే ఉంటుంది.

ఇక బిగుసుకుపోయినప్పటి సంగతి. ఫోర్క్ బాంబును ఒక్కొక్క ప్రాసెస్‌గా చంపుతూ పోతే, మీరు ఒకటి చంపేలోగా మిగిలినవి రెండు పుట్టిస్తాయి. పాత పద్ధతి ఏమిటంటే, ఆ యూజర్ ప్రాసెస్‌లన్నిటికీ ముందు స్టాప్ సిగ్నల్ పంపి, అన్నీ స్తంభించాక కిల్ పంపడం. స్టాప్ అయిన ప్రాసెస్ బతికే ఉంటుంది, తన సంఖ్యను ఆక్రమించుకునే ఉంటుంది, కొత్తదాన్ని మాత్రం కనలేదు. కానీ మీ ఉబుంటులోని 5.15 కెర్నల్‌లో అంతకన్నా మంచిది ఉంది. 5.14 నుంచి ప్రతి సీగ్రూప్‌లో సీగ్రూప్ డాట్ కిల్ అన్న ఫైలు ఉంటోంది. ఆ యూజర్ స్లైస్‌లోని ఆ ఫైలులోకి 1 అని రాస్తే, రాస్తున్న క్షణంలో పుడుతున్నవాటితో సహా అన్నీ పోతాయి. ఎకో అన్నది బాష్‌లోనే ఇమిడి ఉన్న కమాండ్ కనుక కొత్త ప్రాసెస్ పుట్టవలసిన అవసరం కూడా లేదు. ఇందుకోసం రూట్ షెల్ ముందుగానే తెరిచి ఉండాలి. సుడో కొట్టి తెరుద్దామంటే మొన్న మీకు జరిగిందే జరుగుతుంది. ల్యాబ్ పరీక్ష ఉన్న రోజు సర్వర్ గదిలోని కన్సోల్‌లో రూట్ లాగిన్ తెరిచి, గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోండి.

అదీ పనిచేయని రోజున పవర్ బటన్ కన్నా మేలైనది కీబోర్డులోనే ఉంది. ఉబుంటులో సిస్‌ఆర్‌క్యూ (కెర్నల్‌కు నేరుగా ఆదేశమిచ్చే మీట) విలువ 176గా వస్తుంది. అంటే ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ మీటలు పట్టుకుని ఎస్, యూ, బీ వరుసగా, మధ్యలో రెండేసి సెకన్లు ఆగి నొక్కవచ్చు. డిస్కుకు రాయవలసినది రాసి, ఫైల్ సిస్టమ్‌ను రీడ్ ఓన్లీగా మార్చి, రీబూట్ అవుతుంది. డిస్కు తనిఖీతో ఇరవై నిమిషాలు కూర్చోవలసిన పని చాలావరకు తప్పుతుంది.

చివరి ఆయకట్టు (ఒంగోలు)

క్రాన్ సంగతి నేను రాయకపోవడం పొరపాటే, సింగరాయకొండ వారు సరిగా పట్టుకున్నారు. మా సర్వర్లు రెడ్‌హ్యాట్ కుటుంబానివి. వాటిలో క్రాన్ పనులకు కూడా లాగిన్ సెషన్ తయారై అవి యూజర్ స్లైస్‌లోనే పడతాయి, అందుకే నాకు ఆ ఇబ్బంది ఎదురు కాలేదు. పెన్నా ఒడ్డు గారూ, ఉబుంటులో మీరే సరిచూసుకోవాలంటే పరీక్ష ఖాతా క్రాన్‌టాబ్‌లో పది నిమిషాలు నిద్రపోయే స్లీప్ ఒకటి పెట్టి, సీగ్రూప్‌లను చెట్టులా చూపే సిస్టమ్‌డీ సీజీఎల్‌ఎస్ కొట్టి, అది ఏ కొమ్మ కింద వేలాడుతోందో చూడండి.

పెన్నా ఒడ్డు (నెల్లూరు)

చూశాను. క్రాన్ సర్వీసు కొమ్మ కిందనే ఉంది. క్రాన్ డాట్ అలవ్ పెట్టాను, ఎన్‌ప్రాక్ 500 చేశాను, డాకర్ గ్రూపులో గత సంవత్సరపు ప్రాజెక్టు బ్యాచ్‌వారు నలుగురు ఇంకా ఉంటే తీసేశాను. కోటా కోసం హోం పార్టిషన్ విడదీయడం సెలవుల్లోనే కుదురుతుంది. అప్పటిదాకా రోజూ ఉదయం డీఎఫ్ రెండు రకాలుగానూ కొట్టి చూస్తున్నాను. వాయిదా పడిన పరీక్ష శుక్రవారం పెట్టాము. ప్రశ్న మార్చలేదు.